తక్కువ నీటితో తిరిగిన ఘరాట్: గఢ్వాల్ లోయ నుంచి ఒక కేస్ స్టడీ

ఉత్తరాఖండ్ కొండల్లో నీటితో తిరిగే పిండిమరను ఘరాట్ అంటారు. చిన్న చిన్న జలశక్తి పనుల మీద మెకానికల్ ఇంజనీరుగా అక్కడ తిరుగుతూ చాలా ఘరాట్‌లు చూశాను. వాటిలో ఈ ఒక్కదాని గురించి వివరంగా రాయడానికి కారణం ఉంది. దాన్ని బాగుచేస్తున్నప్పుడు ప్రతి నిర్ణయమూ ఒకే ప్రశ్న దగ్గరికి వచ్చి ఆగింది. చక్రం పనితనం పెరిగితే మిగిలే శక్తిని దేనికి వాడాలి? గంటకు ఎక్కువ పిండి ఆడించడానికా, అదే పిండిని తక్కువ నీటితో ఆడించడానికా? ఊరు, వాగు, మనుషుల వివరాలు తీసేశాను. కొలతల్ని దగ్గరి అంకెలకు సర్దాను.

ఘరాట్ ఎలా తిరుగుతుంది

ఇంట్లో తిరగలి చూసినవాళ్లకి ఘరాట్ పైభాగం కొత్తగా అనిపించదు. కిందిరాయి కదలదు, పైరాయి తిరుగుతుంది, మధ్యలో ఉన్న కన్నంలో గింజలు పడతాయి, అంచుల నుంచి పిండి రాలుతుంది. తేడా అంతా నేల కింద ఉంది. కిందిరాయి మధ్యలోంచి ఒక నిలువు ఇరుసు దిగుతుంది. దాని అడుగున చెక్క రెక్కల చక్రం నేలకు సమాంతరంగా ఉంటుంది. కాలువ నుంచి వచ్చే నీరు ఏటవాలుగా పెట్టిన చెక్క దోనెలో జారి, ఆ రెక్కలకు ఒక పక్కగా తగులుతుంది. చక్రం ఒక చుట్టు తిరిగితే రాయి కూడా ఒక చుట్టు తిరుగుతుంది. మధ్యలో పళ్లచక్రాలు లేవు, బెల్టు లేదు. నిలువు చక్రం ఉన్న యూరప్ నీటిమరలకు పళ్లచక్రాలు తప్పవు, వాటికి ప్రత్యేకమైన వడ్రంగం కావాలి. ఘరాట్‌ను మాత్రం ఊరి వడ్రంగి, ఊరి కమ్మరి కలిసి నిలబెట్టగలరు. వేల సంఖ్యలో అవి ఆ కొండల్లో నిలవడానికి ఇదొక ముఖ్య కారణం.

గింజలు పోసే తొట్టికి కింద ఒక చిన్న చెక్క దొప్ప వేలాడుతుంది. దానికి కట్టిన పుల్ల తిరిగే పైరాయి మీద ఆనుకుని ఉంటుంది. రాయి తిరిగేకొద్దీ పుల్ల టకటకలాడుతూ దొప్పను కదుపుతుంది, గింజలు కొద్దికొద్దిగా రాలతాయి. రాయి వేగం పెరిగితే గింజలూ ఎక్కువ పడతాయి, తగ్గితే తగ్గుతాయి. మనిషి చెయ్యి పెట్టక్కర్లేకుండా మర తనను తాను సర్దుకునే ఈ ఏర్పాటు చూసినప్పుడల్లా నాకు గౌరవం కలుగుతుంది. ఇరుసు అడుగున ఉన్న దూలాన్ని ఒక కర్రతో పైకీ కిందకీ సర్దితే రెండు రాళ్ల మధ్య సందు మారుతుంది. పిండి మెత్తగా కావాలా, రవ్వగా కావాలా అన్నది అక్కడ తేలుతుంది.

ఔరంగాబాద్ (ఇప్పటి ఛత్రపతి సంభాజీనగర్) వెళ్లిన తెలుగువాళ్లు చాలామంది బాబా షా ముసాఫిర్ దర్గా దగ్గరి పన్‌చక్కీని చూసే ఉంటారు. అది ఇవాళ టికెట్ కొని చూసే చారిత్రక స్థలం. ఇక్కడ నేను రాస్తున్నది ఇంకా ఊరి రొట్టెకి పిండి అందిస్తున్న మర గురించి. రెంటినీ కాపాడాల్సిన పద్ధతి ఒకటి కాదు.

వచ్చిన సమస్య

ఆ ఘరాట్ యజమానిది యాభై దాటిన వయసు. ఆయన్ని అక్కడి పద్ధతిలో భైజీ అనేవాణ్ణి, ఆయన భార్యని భౌజీ అనేవాణ్ణి. కొడుకు మైదాన ప్రాంతంలో ఉద్యోగం చేస్తున్నాడు. భైజీ పొలం పనులు, కూలి పనులు చూసుకుంటే, పగలంతా మర దగ్గర ఉండేది భౌజీయే. గోధుమలు, మొక్కజొన్న, మండువా ఆడిస్తారు. మండువా అంటే మన రాగులు, ఉత్తరాంధ్రలో చోళ్లు. కూలి డబ్బుగా కాకుండా ఆడించిన పిండిలో కొంత భాగంగా తీసుకుంటారు.

నేను వెళ్లేసరికి భైజీ తేల్చి చెప్పేశాడు. “పిండి పని అయిపోయింది సాబ్. రోడ్డు మీద కరెంటు చక్కీ వచ్చింది. ఈ నీళ్లతో కరెంటు తీసే మిషన్ పెట్టించండి, చాలు.”

గుడిసె వెనక ఒక ఇనప చక్రం తుప్పుపట్టి పడి ఉంది. కొన్నేళ్ల క్రితం ఒక పథకం కింద దాన్ని బిగించి వెళ్లారు. వంపు తిరిగిన రెక్కలు, అడుగున బాల్ బేరింగ్. మొదట్లో బాగా పనిచేసింది. తర్వాత బేరింగ్‌లోకి ఇసుక చేరి పట్టేసింది. కొత్తది తేవాలంటే బస్సెక్కి ఊరు దాటాలి. భైజీ దాన్ని తీసి పక్కన పడేసి, పాత చెక్క చక్రాన్నే మళ్లీ బిగించుకున్నాడు.

కరెంటు ఎందుకు వద్దనుకున్నాం

మర దగ్గరికి చేరే నీరు, కాలువ నిండుగా ఉన్నప్పుడు, సెకనుకు దాదాపు 40 లీటర్లు. సూటిగా ఉన్న కాలువ ముక్కలో చెక్కముక్క వదిలి, అది దూరం దాటే కాలాన్ని బట్టి వేగం కట్టి, దాన్ని కాలువ అడ్డుకోత వైశాల్యంతో గుణించి, అడుగున నీరు నెమ్మదిగా పారుతుంది కాబట్టి కొంత తగ్గించి వేసిన లెక్క ఇది. దోనె ఎత్తు 4 మీటర్లు. ఈ రెంటినీ గురుత్వాకర్షణ అంకె 9.81తో గుణిస్తే ఒకటిన్నర కిలోవాట్ల పైచిలుకు వస్తుంది. అది నీటిలో ఉన్న శక్తి. చెక్క చక్రం అందులో పావు వంతు పట్టుకుంటే గొప్ప. అంటే రాయికి అందేది 400 వాట్ల లోపే. జనరేటర్ పెట్టినా, నష్టాలు పోను, వేసవిలో కొన్ని బల్బులకూ ఒక టీవీకీ సరిపడా వస్తుంది. ఊరికి కరెంటు లైను ఎప్పుడో వచ్చింది. ఉన్నదాన్నే ఇంకోసారి తయారుచేయడానికి ఉన్న మరను పోగొట్టుకోవడం నాకు సబబుగా తోచలేదు.

అయితే పిండికి గిరాకీ లేకపోతే నా వాదన నిలవదు. అందుకే యంత్రం మీద చెయ్యి వెయ్యకముందే ఇళ్లకు వెళ్లి అడిగాం. గోధుమలు రోడ్డు మీది చక్కీకి తీసుకెళ్తున్నవాళ్లు కూడా మండువా మాత్రం ఘరాట్‌కే తెస్తున్నారు. కరెంటు చక్కీ పిండి వేడెక్కి వస్తుందనీ రొట్టె రుచి తగ్గుతుందనీ చాలామంది చెప్పారు. మరి గోధుమలు ఎందుకు తేవడం లేదు? మూడు మాటలు మళ్లీ మళ్లీ వినిపించాయి. పిండిలో ఇసుక తగులుతోంది. చాలాసేపు కూర్చోవాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, మర ఏ రోజు నడుస్తుందో ఏ రోజు నడవదో తెలియదు. బస్తా మోసుకుని కొండ దిగి వస్తే నీళ్లు పొలాలకు మళ్లించారని తెలిస్తే ఎవరు మళ్లీ వస్తారు?

ఈ మూడింటిలో శక్తితో నేరుగా ముడిపడింది కూర్చోవాల్సిన సమయం ఒక్కటే. పథకం వాళ్లిచ్చిన ఇనప చక్రం మాత్రం శక్తి ఒక్కదాన్నే పెంచింది.

ఇంకో చిక్కుముడి కూడా అక్కడే అర్థమైంది. కొత్త గోధుమలు ఇంటికి చేరేది ఏప్రిల్, మే నెలల్లో. వాగులో నీరు తగ్గిపోయేదీ అప్పుడే. ఆ వెంటనే నాట్లకు నీరు కావాలి. అంటే గింజలు ఎక్కువున్న కాలంలోనే మరకు నీళ్లుండవు. సెప్టెంబరు, అక్టోబరులో మండువా కోసేనాటికి నీళ్లు పుష్కలం. జనం మండువాకి మాత్రమే ఘరాట్‌ను తలుచుకోవడంలో రుచితో పాటు ఈ కాలం లెక్క కూడా ఉంది.

కాలువ: మొదట చేసింది, చెదిరింది

కాలువను అక్కడ గూల్ అంటారు. వాగుకు రాళ్ల అడ్డుకట్ట వేసి, కొండ వాలు వెంబడి తెచ్చిన మట్టి కాలువ. తల దగ్గర కొలిచి, మర దగ్గర కొలిస్తే మూడోవంతుకు దగ్గరగా నీరు దారిలోనే ఇంకిపోతోంది. అంత పెద్ద నష్టం కళ్ల ముందు కనిపిస్తుంటే మిగతావి తర్వాత చూడొచ్చనుకోవడం సహజం. ఊరివాళ్లూ అదే అడిగారు. ఎక్కువ కారుతున్న చోట సిమెంటు వేయించాం.

ఒక్క వర్షాకాలం కూడా అది పూర్తిగా నిలవలేదు. ఆ వాలు మెల్లగా కదిలే నేల. మట్టి కాలువ నేలతో పాటు వంగుతుంది, పగిలిన చోట ఒక తట్ట బంకమట్టి వేస్తే పూడుతుంది. సిమెంటు వంగదు. బీట పడింది, ఆ బీటలోంచి దిగిన నీరు కిందనుంచి మట్టిని తోడేసింది, పైకి కాలువ బాగున్నట్టే కనిపిస్తుండగా ఒక ముక్క మొత్తం కుంగింది. ముందుకన్నా ఎక్కువ నీరు పోవడం మొదలైంది.

తర్వాత నేలను రెండు రకాలుగా విడదీసి చూశాం. గట్టి నేల ఉన్న చోట రాళ్లు పేర్చి, బంకమట్టి మెత్తి, పాత పద్ధతిలోనే కాలువ సరిచేశాం. జారే వాలు దాటేంతవరకు నల్లటి హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) పైపు పరిచాం. నేల కదిలితే పైపు కొంచెం వంగుతుంది, మరీ జారితే తీసి మళ్లీ పరుచుకోవచ్చు. పైపులో ఇసుక పేరుకోకుండా దాని ముందు ఒక గుంట కట్టాం. అందులో నీటి వేగం తగ్గి ఇసుక అడుక్కి దిగుతుంది. అడుగున ఉన్న బిళ్ల తీస్తే ఇసుక వాగులోకి కొట్టుకుపోతుంది.

చక్రం మార్చితే పిండి పాడైంది

నీరు కుదిరాక, మూలపడ్డ ఇనప చక్రాన్ని శుభ్రం చేయించి, కొత్త బేరింగ్ వేసి బిగించాం. దీనికి కారణం సూటిగానే ఉంది. వస్తువు అక్కడే ఉంది, ఖర్చు బేరింగ్‌కి మాత్రమే, ఎక్కువ సేపు కూర్చోవాలన్న ఫిర్యాదుకు అది జవాబవుతుంది. రాయి వేగం పెరిగింది. గంటకు 8 కిలోల దగ్గరున్న గోధుమ పిండి 12 దాటింది.

రెండు రోజులు పిండి చేత్తో పట్టి చూసిన భౌజీ మరను ఆపేసింది. “ఈ పిండి రోడ్డు మీది చక్కీ పిండిలాగే వేడిగా ఉంది. ఇక నా దగ్గరికి ఎవరైనా ఎందుకు రావాలి?” అంది. ఇసుక కూడా తగ్గలేదు, పెరిగింది.

ఈ కేసు మొత్తంలో ముఖ్యమైన మాట అదే. రోడ్డు మీది చక్కీతో వేగంలో పోటీ పడితే ఘరాట్ ఎప్పటికీ గెలవదు. మోటారు గంటలో ఆడించేదానికి నీటిచక్రం సాటిరాదు. ఘరాట్‌కి ఉన్న ఆస్తి చల్లగా వచ్చే పిండి. వేగం కోసం దాన్నే పణంగా పెడుతున్నాం.

పైరాయిని ఎత్తించి చూశాం. రెండు రాళ్ల ముఖాలూ నున్నగా అరిగిపోయి ఉన్నాయి. కక్కు కొట్టి, అంటే ఉలితో రాతి ముఖాన్ని మళ్లీ గరుకు చేసి, చాలా కాలమైంది. మధ్య నుంచి అంచుకి వెళ్లే చాళ్లు దాదాపు చెరిగిపోయాయి. చాళ్లు రెండు పనులు చేస్తాయి. వాటి అంచులు గింజను కోస్తాయి. వాటి గుండా గాలి ఆడి, పిండి బయటికి నడుస్తుంది. చాళ్లు లేకపోతే గింజ తెగదు, నలుగుతుంది. నలిగిన పిండి రాళ్ల మధ్యే ఎక్కువసేపు తిరుగుతుంది, వేడెక్కుతుంది. వేగం పెంచితే ఆ వేడి ఇంకా పెరుగుతుంది తప్ప తగ్గదు.

ఇసుకకు కారణం వేరే. ఏళ్ల తరబడి అరిగి పైరాయి పల్చబడింది. బరువు చాలక గింజ సరిగా నలగడం లేదని భైజీ దాని మీద రెండు బండలు కట్టాడు. అవి ఒక పక్కకు ఉన్నాయి. రాయి తిరిగేటప్పుడు ఆ పక్క ఒరిగి కిందిరాయిని రాచుకుంటోంది. పిండిలో పడుతున్నది కాలువ ఇసుక కాదు, రాతి పొడి. ఒక సాపు చెక్కపలకకి తడి జేగురు పూసి కిందిరాయి మీద రుద్దితే ఎత్తుగా ఉన్న చోట్లు ఎర్రబడ్డాయి. ఒక పక్క మాత్రమే మెరుస్తూ ఎర్రబడడంతో అనుమానం తీరిపోయింది.

పనిచేసింది

కక్కు కొట్టే మనిషి ఆ లోయలో లేడు. పక్క లోయలో ఒక పెద్దాయన ఉన్నాడని భౌజీకే తెలుసు. ఆయన వచ్చి, జేగురు చూపించిన ఎత్తులను ముందు ఉలితో దించి, తర్వాత చాళ్లు తీశాడు. మధ్యలో లోతుగా, అంచుకి వచ్చేసరికి దాదాపు లేనట్టుగా. అంచు దగ్గర రెండు రాళ్లూ బాగా దగ్గరగా ఉండాలి, మధ్యలో గింజ దూరేంత ఎడం ఉండాలి. ఆయన పని చేస్తున్నంతసేపూ భౌజీ పక్కనే కూర్చుని, కొంత భాగం తనే కొట్టింది. తర్వాత పైరాయిని ఇరుసు మీద కొంచెం ఎత్తి, ఏ పక్కకు ఒరుగుతుందో చూస్తూ బండలు జరిపి, సమంగా నిలిచాక ఇనప పట్టీతో బిగించాం. కక్కు కొట్టాక మొదట ఆడించిన పిండిలో రాతి పొడి ఉంటుంది కాబట్టి కొన్ని కిలోల పొట్టూ నూకా ఆడించి పశువులకు కూడా పెట్టకుండా పారేశాం.

అప్పుడు చక్రం సంగతి. ఇనప చక్రాన్ని ఉంచాలా, తీసెయ్యాలా? భైజీ తీసేద్దామన్నాడు. నేను ఉంచుదామన్నాను, కానీ వేగానికి కాదు. చెక్క చక్రం నీటి శక్తిలో పావు వంతు పట్టుకుంటే, ఇనప చక్రం నలభై శాతం దాకా పట్టుకుంటోంది. రాయిని పాత వేగంలోనే తిప్పితే చాలనుకుంటే, 40 లీటర్ల నీరు చేసే పనిని 25 లీటర్లు చేస్తాయి. మే నెలలో కాలువ తల దగ్గర 30 లీటర్లే ఉన్నా, దారిలో నష్టం తగ్గింది కాబట్టి, 25 లీటర్లు మర దగ్గరికి చేరతాయి. గోధుమలు వచ్చే నెలల్లో మర ఆగదు.

దోనె తల దగ్గరి పలక దించి నీరు తగ్గించాం. దోనె లోపల రెండు పక్కలా చెక్కలు కొట్టి వెడల్పు తగ్గించాం, కొద్ది నీరు పల్చగా పరుచుకోకుండా ఒకే ధారగా రెక్కకు తగలాలని. రాయి నిమిషానికి 70 చుట్ల దగ్గర నిలిచింది. గంటకు 9 కిలోలు. పిండి చల్లగా వచ్చింది.

బాల్ బేరింగ్‌ను మాత్రం తీసేశాం. నీళ్లలో ఉండే బేరింగ్‌లోకి ఇసుక ఎప్పటికైనా చేరుతుంది, ఇసుక గుంట దాన్ని ఆలస్యం చేస్తుంది అంతే. దాని బదులు పాత పద్ధతిలోనే, ఇరుసు అడుగున గట్టి ఉక్కు మొన, దాని కింద ఉక్కు దిమ్మ. రాపిడి కొంచెం ఎక్కువే. అయినా అరిగితే ఊరి కమ్మరి ఒక పూటలో కొత్తది చేసిస్తాడు. ఇలాంటి చోట నేను విడిభాగాన్ని ఎంచేటప్పుడు చూసేది ఇదే: పాడైన రోజున కాలినడకన వెళ్లి బాగుచేయించుకోగలరా లేదా.

నీటి వంతులు

యంత్రం కుదిరినా, మర ఏ రోజు నడుస్తుందో తెలియదన్న మూడో ఫిర్యాదు అలాగే ఉంది. కుమావూన్, గఢ్వాల్ ప్రాంతాలకు 1975లో చేసిన నీటి చట్టం పాత ఆనవాయితీ హక్కులను రద్దు చేసి నీటిని ప్రభుత్వ అధీనంలోకి తెచ్చింది. కాబట్టి “మా తాతల నాటి హక్కు” అని భైజీ గట్టిగా నిలబడే దారి లేదు. పొలాలవాళ్లకీ లేదు. మాట్లాడుకుని కుదుర్చుకోవడం ఒక్కటే మార్గం.

కాలువ పటం గీసి చూస్తే తగాదా అనుకున్నంత పెద్దది కాదు. మర నీటిని తాగదు, చక్రం దాటిన నీరు మళ్లీ కింది కాలువలోకే వెళ్తుంది. మరకు దిగువన ఉన్న పొలాలకు మర నడిచినా ఆగినా తేడా లేదు, నిజానికి నడిస్తేనే వాళ్లకి నీరొస్తుంది. ఇబ్బంది కాలువ తలకీ మరకీ మధ్య ఉన్న కొన్ని కుటుంబాలతోనే. ఇదివరకు ఊరందరితో మాట్లాడబోయి గొడవైంది. ఈసారి ఆ కుటుంబాలతోనే కూర్చున్నాం, దిగువ పొలాల వాళ్లు మా తరఫున మాట్లాడారు. మరకు ఇప్పుడు 25 లీటర్లే కావాలన్నది మా చేతిలో ఉన్న బలం. నీరు నిండుగా ఉన్న కాలంలో రెండు పనులూ ఒకేసారి సాగుతాయి. తక్కువున్న నెలల్లో వారంలో మూడు పగళ్లు మరకు, మిగతా పగళ్లూ అన్ని రాత్రులూ పొలాలకు. నాట్లు వేసే రోజుల్లో మర పూర్తిగా బంద్. ఆ మాట భైజీ తనంతట తనే ముందు అన్నాడు, దాంతో మిగతాది సులువైంది.

ఆ మూడు రోజులు ఏవో ఊరంతటికీ తెలిసిపోయాయి. వెనక్కి వచ్చినవాళ్లలో ఎక్కువమంది అందుకే వచ్చారు. పిండి రుచి గురించి మేం ఎవరికీ చెప్పాల్సిన అవసరం రాలేదు. వాళ్లకి ముందే తెలుసు.

2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక పట్నాల్లో మండువా పిండికి గిరాకీ పెరిగిందని విని, భైజీ కొడుకు ప్యాకెట్లు కట్టి పంపించాడు. వర్షాకాలంలో పిండి తేమ పట్టి గడ్డకట్టింది, పురుగు చేరింది. మొలకభాగంలోని నూనె పిండిలోనే ఉంటుంది కాబట్టి ఇలాంటి పిండి ఎక్కువకాలం నిలవదు. ఇప్పుడు ఎవరైనా అడిగితే అప్పుడే ఆడించి పంపుతున్నారు.

తర్వాతి ఘరాట్‌లకు నేను మార్చుకున్న క్రమం

ముందు పిండిని చేతిలోకి తీసుకుంటాను. వేడి, గరుకు, వాసన. అక్కడి నుంచి వెనక్కి రాళ్ల దగ్గరికి, ఆ తర్వాత చక్రానికి, చివరికి కాలువకు వెళ్తాను. మా కొలత పరికరాలన్నీ నీటి దగ్గర మొదలుపెట్టేలా ఉంటాయి, అందుకే ఇంజనీర్లం అక్కడే మొదలుపెడతాం. పథకాల దరఖాస్తుల్లో కూడా కిలోవాట్లకు గడి ఉంటుంది, కక్కుకు ఉండదు. ఖర్చు చూస్తే ఈ కేసులో కక్కు కొట్టించడమే అన్నిటికన్నా చవక.

మర దగ్గర పగలంతా ఉండేది ఎవరో తెలుసుకుని వాళ్లతోనే మాట్లాడాలి. దరఖాస్తు మీద సంతకం యజమానిది, పిండి గురించి తెలిసింది భౌజీకి. ఇలాంటి తేడా ఆ తర్వాత చాలా ఘరాట్‌లలో చూశాను.

తీరని సమస్య ఒకటి మిగిలింది. పైరాయి ఇంకా కొన్నేళ్లే వస్తుంది. కక్కు కొట్టిన ప్రతిసారీ ఇంకొంచెం పల్చబడుతుంది. కొత్త రాయి కొట్టగల మనిషిని వెతకాలి, కొట్టాక దాన్ని రోడ్డు లేని వాలు మీదుగా మర దాకా మోయించాలి. అందుకు అయ్యే డబ్బు కోసం భౌజీ తన వంతుకు వచ్చే పిండిలో కొంత అమ్మి విడిగా దాస్తోంది, రాయి ఎక్కడ దొరుకుతుందో పక్క లోయ పెద్దాయనతో మాట్లాడుతున్నాం.